సీనియారిటీ లిస్టులో నంబరు ఎలా పడుతుంది? చేరిన తేదీ, ర్యాంకు, బదిలీ, ప్రమోషన్ లెక్కలు

గోదారి_గుమాస్తా
అందరికీ నమస్కారం. ప్రొవిజనల్ (అభ్యంతరాల కోసం ముందుగా ఇచ్చే) సీనియారిటీ లిస్టులు వచ్చే రోజులు కదా, ఒక లెక్క తేల్చండి. జూనియర్ అసిస్టెంట్ పోస్టు, ఒకే శాఖ, ఒకే నోటిఫికేషన్. ఎ అనే అతనికి జిల్లా సెలక్షన్ లిస్టులో 41వ ర్యాంకు, ఆ నెల 20న డ్యూటీలో చేరాడు. బి అనే ఆమెకి 58వ ర్యాంకు, 12వ తేదీకే చేరింది. సి అనే అతను పక్క జిల్లా లిస్టులో 30వ ర్యాంకు, అక్కడ రెండేళ్ళు చేసి సొంత అభ్యర్థన మీద ఈ జిల్లాకి వచ్చాడు. ముందు చేరాను కాబట్టి నేనే పైన అంటుంది బి. ర్యాంకూ నాదే మంచిది, సర్వీసూ తక్కువేం కాదు అంటాడు సి. ఎవరి మాట నిలుస్తుంది?

ఫైలు_కదిలింది
ఎ పైన, బి తర్వాత, సి వీళ్ళిద్దరికీ బాగా కింద.

ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా దీనికి పునాది 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్సే. 33వ రూలు ప్రకారం సీనియారిటీ అంటే ఆ సర్వీసులో, ఆ కేటగిరీలో మొదటి నియామకపు తేదీ. అయితే ఇద్దరు ముగ్గుర్ని ఒకేసారి నియమిస్తున్నప్పుడు నియామక అధికారి వాళ్ళ మధ్య వరస ఖాయం చేస్తాడు, ఆ వరసే సీనియారిటీ. సెలక్షన్ లిస్టు మెరిట్ ప్రకారం వచ్చిందంటే వరస అప్పటికే పడిపోయిందన్నమాట. ఉత్తర్వులో ఇచ్చిన గడువులోపు ఎవరు ముందు చేరారు, ఎవరు వెనక చేరారు అన్నది లెక్కలోకి రాదు. ఇంటి పక్క ఆఫీసు దొరికినవాడు మర్నాడే చేరతాడు, ఏజెన్సీలో పోస్టింగ్ పడినవాడికి వారం పడుతుంది. దాని మీద ముప్పై ఏళ్ళ ప్రమోషన్లు తేలితే ఎట్లా?

సి సంగతి 35వ రూలు. యూనిట్ అంటే సీనియారిటీ లిస్టు ఒకటిగా ఉండే పరిధి, ఇక్కడ జిల్లా. పాలనా కారణాల మీద బదిలీ చేస్తే పాత యూనిట్‌లో మొదటి నియామకపు తేదీ వెంట వస్తుంది. సొంత అభ్యర్థన మీద వస్తే కొత్త యూనిట్‌లో చేరిన తేదీ నుంచే లెక్క. అంటే ఆ రోజుకి ఈ జిల్లాలో ఉన్న జూనియర్ అసిస్టెంట్లందరి కిందా అతని పేరు. బదిలీ ఉత్తర్వులో ‘చివరి ర్యాంకు తీసుకొనుటకు అంగీకరించినందున’ అనే ముక్క ఉంటుంది, దానికి ముందు సంతకం పెట్టిన అంగీకార పత్రమూ ఫైల్లో ఉంటుంది. రెండూ తీసి చూడమనండి.

నల్లమల_63
ఒక మాట అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. చేరిన తేదీ ప్రకారం వేసిన లిస్టులు చాలా చోట్ల ఫైనల్ కూడా అయిపోయాయి. అవన్నీ తప్పేనంటారా?

ఫైలు_కదిలింది
తప్పే అండి, కానీ ఎవరూ అడక్కపోతే తప్పు కూడా గట్టిపడిపోతుంది. ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. సెక్షన్‌లో ఎక్సెల్ షీట్ ఉంటుంది: పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ప్రొబేషన్ డిక్లేర్ అయిన తేదీ. మెరిట్ ర్యాంకుకి కాలమే ఉండదు. చేరిన తేదీ మీద సార్ట్ కొడతారు, లిస్టు తయారు. ర్యాంకు కాలమ్ పెట్టాలంటే సెలక్షన్ లిస్టు అసలు ప్రతి వెతకాలి, అది పాత భవనంలోని బీరువాలో ఉంటుంది. అందుకే అభ్యంతరం పెట్టేవాళ్ళు సెలక్షన్ లిస్టులో తమ పేజీ నకలు ముందే సంపాదించి పెట్టుకోవాలి.

గుంతకల్లు_జంక్షన్
రైల్వేలో ఈ లెక్క కొంచెం వేరుగా ఉంటుంది, దక్షిణ మధ్య రైల్వేలో ఉన్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను.

మాకు ఇండియన్ రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ మొదటి సంపుటంలో మూడో అధ్యాయం, 301 నుంచి పేరాలు. రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా వచ్చినవాళ్ళు ట్రైనింగ్ స్కూలుకి వెళ్ళాల్సిన కేటగిరీ అయితే, ట్రైనింగ్ చివర పోస్టింగుకి ముందు జరిగే పరీక్షలో మార్కులను బట్టి సీనియారిటీ. బోర్డు ఇచ్చిన ర్యాంకు అప్పుడు పనిచేయదు. ట్రైనింగ్ అవసరం లేని కేటగిరీలకే బోర్డు మెరిట్ వరస. కుర్రాళ్ళు ట్రైనింగ్ పరీక్షని పాసైతే చాలన్నట్టు రాస్తారు. ఆ రెండు మూడు మార్కుల తేడా తర్వాత ప్రతి ప్రమోషన్‌లోనూ కనబడుతుంది. మెరిట్ సమానమైతే పుట్టిన తేదీ చూస్తారు, వయసులో పెద్దవాళ్ళు పైన.

ఆలస్యంగా చేరితే 305వ పేరా ఉంది. ఉత్తర్వు అందాక సహేతుకమైన సమయంలో చేరనివాళ్ళని అదే పరీక్షలో ఎంపికై సమయానికి చేరినవాళ్ళందరి కింద పెట్టొచ్చు. ఈలోగా తర్వాతి బ్యాచ్ చేరిపోతే వాళ్ళ కింద కూడా పెట్టొచ్చు.

బదిలీలు: సొంత అభ్యర్థన మీద వేరే సీనియారిటీ యూనిట్‌కి వెళ్తే అక్కడ ఆ గ్రేడ్‌లో ఉన్న పర్మినెంట్, టెంపరరీ, ఆఫీషియేటింగ్ అందరి కింద. మ్యూచువల్ (ఇద్దరు ఒకరి చోటికి ఒకరు మారడం) అయితే ఇద్దరి సీనియారిటీలో ఏది తక్కువో అది. మ్యూచువల్‌లో సీనియారిటీ నిలబడుతుందని చెప్పేవాళ్ళు సగమే చెప్తున్నారు. అవతలివాడు తనకంటే సీనియర్ అయినప్పుడే ఎవరిదైనా చెక్కుచెదరకుండా ఉంటుంది.

సరితా_ఎల్ఎల్బీ
సి గారి కేసులో ఇంకో ముక్క మిగిలింది. సీనియారిటీ పోయినంత మాత్రాన సర్వీసు పోదు. జీతం, ఇంక్రిమెంట్లు, సెలవుల ఖాతా, పెన్షన్‌కి పాత జిల్లా రెండేళ్ళూ కలుస్తాయి. పై పోస్టుకి ఇన్నేళ్ళ సర్వీసు కావాలనే అర్హతకి కూడా కలుస్తాయి. దీని మీద సుప్రీంకోర్టు సి.ఎన్.పొన్నప్పన్ కేసులో స్పష్టంగా చెప్పింది. అర్హత వేరు, వరసలో స్థానం వేరు. ఆఫీసులు ఈ రెంటినీ కలిపేసి ‘మీకు ఇక్కడ సర్వీసు రెండేళ్ళే అయింది, ప్రమోషన్‌కి అర్హత లేదు’ అని రాస్తుంటాయి. అట్లాంటి మెమో వస్తే వదలకండి. వరసలో చివర ఉన్నా, ఖాళీలు ఎక్కువుండి అతని వంతు వచ్చిందంటే అర్హత ఉన్నట్టే.

గోదారి_గుమాస్తా
బాగా అర్థమైంది మేడమ్. అయితే లిస్టులో ఒకటో నంబరు వస్తే ప్రమోషన్ ఖాయమేనా?

డీపీసీ_టేబుల్
కాదు. ప్రమోషన్ హక్కు కాదు, ప్రమోషన్‌కి పరిశీలించబడే హక్కు మాత్రమే ఉంటుంది. సీనియారిటీ ఆ పరిశీలనలో మీ వంతు ఎప్పుడో చెప్తుంది, అంతవరకే.

రాష్ట్ర సర్వీసులో ప్యానెల్ (ప్రమోషన్‌కి ఎంపికైనవాళ్ళ జాబితా) సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు. ఆ మధ్య రిటైర్మెంట్లు, పై ప్రమోషన్లు, కొత్త పోస్టుల వల్ల వచ్చే ఖాళీలు అంచనా వేస్తారు. అర్హతలన్నీ ఆ సెప్టెంబర్ 1 నాటికి ఉండాలి. డిపార్ట్‌మెంటల్ టెస్టు ఫలితాలు సెప్టెంబర్ 5న వచ్చాయి, నా పేరు కలపండి అంటే కుదరదు. ప్రతి ఏడూ ఒకరిద్దరు ఇక్కడే జారిపోతారు. టెస్టులు ఏడాదికి రెండు సెషన్లే ఉంటాయి, ఒక సెషన్ పోతే ప్యానెల్ ఏడాదే పోవచ్చు.

ఇంకా చూసేవి: ప్రొబేషన్ డిక్లేర్ అయిందా (నేరుగా చేరినవాళ్ళకి మూడేళ్ళ వ్యవధిలో రెండేళ్ళ డ్యూటీ, ప్రమోషన్ మీద వచ్చినవాళ్ళకి రెండేళ్ళలో ఏడాది), ఫీడర్ కేటగిరీలో (ప్రమోషన్‌కి ముందున్న కింది పోస్టులో) కావాల్సిన సర్వీసు ఉందా, ఛార్జెస్ ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయా, శిక్ష నడుస్తోందా. ప్రొబేషన్ విషయంలో చాలా ఆఫీసులు నిద్రపోతాయి. రెండేళ్ళు దాటిపోయినా ప్రతిపాదన పంపరు, తీరా డీపీసీ (శాఖాపరమైన ప్రమోషన్ కమిటీ) ముందు ఫైలు తిరిగొస్తుంది. ప్రొబేషన్ వ్యవధి ముగిసిన వారంలోనే ప్రతిపాదన పంపమని లెటర్ పెట్టుకోవడం ఉద్యోగి పని అనుకోండి, తప్పేం లేదు.

క్రమశిక్షణ విషయంలో ఒకటి. ఎవరో పిటిషన్ పెట్టారనో, ప్రాథమిక విచారణ జరుగుతోందనో ప్రమోషన్ ఆపకూడదు. 1991లో జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది: ఛార్జ్ మెమో ఇచ్చాకో, క్రిమినల్ కేసులో ఛార్జ్‌షీట్ పడ్డాకో మాత్రమే సీల్డ్ కవర్, అంటే కేసు తేలేదాకా ఆ ఉద్యోగి ప్రమోషన్ నిర్ణయాన్ని కవర్లో మూసి ఉంచడం.

రాయలసీమ_బ్యాంకు
డీపీసీ గారూ, ‘సీనియారిటీ కమ్ మెరిట్’, ‘మెరిట్ కమ్ సీనియారిటీ’ తేడా కూడా చెప్పేస్తే బాగుంటుంది. ఈ విషయంలో దేశమంతా ఉదహరించే కేసుల్లో ఒకటి మన గడ్డ మీదిదే కదా.

డీపీసీ_టేబుల్
నిజమే, బి.వి.శివయ్య కేసు, 1998. రాయలసీమ గ్రామీణ బ్యాంకు ప్రమోషన్ల మీద వచ్చింది. రూలు ఏమో సీనియారిటీ కమ్ మెరిట్. బ్యాంకు చేసిందేమో సీనియారిటీకి కొన్ని మార్కులు, పనితీరుకి కొన్ని, ఇంటర్వ్యూకి కొన్ని వేసి మొత్తం కూడి ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళకివ్వడం. సుప్రీంకోర్టు ఇది కుదరదంది. సీనియారిటీ కమ్ మెరిట్ అంటే పనికి కావాల్సిన కనీస మెరిట్ ఎంతో ముందు ఖాయం చెయ్యాలి. దాన్ని దాటినవాళ్ళలో సీనియరే ముందు, జూనియర్‌కి మార్కులు ఎన్ని ఎక్కువొచ్చినా సరే. మెరిట్ కమ్ సీనియారిటీలో తిరగబడుతుంది, మెరిట్ దాదాపు సమానమైనప్పుడే సీనియారిటీ వైపు చూస్తారు.

మీ పోస్టుది ఏ పద్ధతో సర్వీసు రూల్స్‌లోనే ఉంటుంది. చూసుకోకుండా ‘జూనియర్‌కి ఇచ్చారు, అన్యాయం’ అని కోర్టుకెళ్తే మొదటి వాయిదాకే తేలిపోతుంది.

పాతబస్తీ_పాఠకుడు
సీనియారిటీ అనేది రూల్లో రాసి ఉంటే ఒక కథ, ఆనవాయితీగా ఉంటే ఇంకో కథ. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవే చూడండి. 1973లో షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గుర్నీ దాటించి ఎ.ఎన్.రేని నియమించారు, ముగ్గురూ రాజీనామా చేశారు. 1977లో హెచ్.ఆర్.ఖన్నాని దాటించి ఎం.హెచ్.బేగ్. రాజ్యాంగంలో సీనియర్‌నే చెయ్యాలని ఎక్కడా లేదు మరి.

మోడరేటర్
పాఠకుడు గారూ, ఆసక్తికరమే గానీ దారం తెగుతుంది. దీనికి విడిగా చర్చ తెరవండి.

బడిగంట
టీచర్ల గురించి ఎవరూ రాయలేదు. మాకు ఒక లిస్టు కాదు, లిస్టుల గుంపు. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) నుంచి స్కూల్ అసిస్టెంట్‌కి వెళ్ళేటప్పుడు సబ్జెక్టుకొక లిస్టు: తెలుగు, సోషల్, గణితం, బయాలజీ ఇలా. డిగ్రీలో చదివిన సబ్జెక్టులూ బీఈడీ మెథడాలజీ బట్టి ఒకే మనిషి రెండు లిస్టుల్లో ఉండొచ్చు. సోషల్‌లో 210, తెలుగులో 64 అన్నమాట. రెండో లిస్టులో పేరు ఎక్కించుకోకపోవడం మాలో సర్వసాధారణంగా జరిగే నష్టం. ఉద్యోగంలో చేరాక చదివిన డిగ్రీ అయితే ఆ సర్టిఫికెట్, ముందస్తు అనుమతి వివరాలు ఎస్ఆర్ (సర్వీసు రిజిస్టరు)‌లో ఎంట్రీ వేయించాలి. ఎంట్రీ లేకపోతే మండల విద్యాధికారి కార్యాలయం నుంచి వెళ్ళే డేటాలో ఆ అర్హత కనబడదు. ప్రభుత్వ బడులకి, జిల్లా పరిషత్ బడులకి సీనియారిటీ యూనిట్లూ వేరు.

హెడ్మాస్టర్ ప్రమోషన్‌కి గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు 88, 97 పేపర్లు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు 141 పేపరు. ఇవి లేకపోతే లిస్టులో ఎంత పైనున్నా కిందివాళ్ళు దాటిపోతారు.

ఇప్పుడు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తోడైంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు: విద్యాహక్కు చట్టానికి ముందు చేరినవాళ్ళలో రిటైర్మెంట్‌కి ఐదేళ్ళకి మించి ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు టెట్ లేకుండా ఉద్యోగంలో కొనసాగొచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం వాళ్ళకీ టెట్ తప్పదు. పాతికేళ్ళ సీనియారిటీ ఉన్న సార్లు మళ్ళీ సైకాలజీ పుస్తకం తెరిచారు. న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ వద్దు, లెక్క మాత్రం ఇది.

కొత్త_డీటీ
వయసు ఎక్కువ, సర్వీసు ఎక్కువ, జీతం ఎక్కువ ఉన్న సీనియర్ అసిస్టెంట్ మీద గ్రూప్-2 ద్వారా నేరుగా వచ్చిన డిప్యూటీ తహసీల్దార్ ఎలా అధికారి అవుతాడు? కొందరు ఆఫీసులోనే పంచాయితీ పెడుతున్నారు.

ఫైలు_కదిలింది
సీనియారిటీని పోల్చేది ఒకే కేటగిరీలో ఉన్నవాళ్ళ మధ్యనే. వేర్వేరు కేటగిరీల మధ్య అది లేదు, అక్కడున్నది హోదా. 26 ఏళ్ళ డీటీ, 52 ఏళ్ళ సీనియర్ అసిస్టెంట్‌కి పై అధికారే. ‘గారు’ అనడం మర్యాద, ఫైలు మీద ఎవరి సంతకం కింద ఎవరిది ఉంటుందన్నది రూలు.

జీతం సంగతి ఇంకా వేరు. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ కింద ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్ళకి పై స్కేళ్ళు వస్తాయి. ఆంధ్రలో 2022 పీఆర్సీ (వేతన సవరణ)తో 30 ఏళ్ళకి కూడా. ఆ స్కేలు పై పోస్టుది అయినా కుర్చీ కింది పోస్టుదే. ప్రమోషన్ రాక ఆగిపోయినవాళ్ళకి డబ్బుతో చేసిన ఊరట అది. హోదా పెరగదు, లిస్టులో అంగుళం కూడా కదలదు.

జీతాల_లెక్క
స్కేళ్ళ మాట వచ్చింది కాబట్టి: సీనియర్ కంటే జూనియర్‌కి ఎక్కువ జీతం వస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా నిలబడవు. స్టెప్పింగ్ అప్ (సీనియర్ జీతాన్ని జూనియర్ జీతానికి సమానంగా పెంచడం) కావాలంటే ఇవన్నీ కలవాలి.

ఇద్దరూ ఒకే కేటగిరీలో ఉండి, ఒకే పై పోస్టుకి ఒకే పద్ధతిలో వెళ్ళి ఉండాలి. ఇద్దరి కింది, పై స్కేళ్ళూ ఒకటే అయ్యుండాలి. జూనియర్ కింది పోస్టులో ఉన్నప్పుడు సీనియర్ కంటే ఎప్పుడూ ఎక్కువ తీసుకుని ఉండకూడదు. తేడా కేవలం పే ఫిక్సేషన్ వల్లో, అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ వల్లో వచ్చి ఉండాలి. జూనియర్‌కి ప్రత్యేక ఇంక్రిమెంటు దక్కడం వల్ల వస్తే కుదరదు. సీనియర్ జీతనష్టపు సెలవు పెట్టి ఇంక్రిమెంటు తేదీ వెనక్కి జరగడం వల్ల వస్తే అస్సలు కుదరదు.

మామూలుగా ఇరుక్కునే చోటు ఇది. సీనియర్ 10వ ఏట ప్రమోషన్ తీసుకుంటాడు. జూనియర్ కింది పోస్టులోనే 12 ఏళ్ళు నిండేదాకా ఉండి, స్కేలు తీసుకుని, ఆ తర్వాత ప్రమోషన్ మీద మళ్ళీ ఫిక్సేషన్ చేయించుకుంటాడు. రెండు మెట్లు ఎక్కినట్టు. ఇక్కడ జూనియర్ కింది పోస్టులోనే సీనియర్‌ని దాటాడా లేదా అన్నది నెలనెలా పోల్చి చూపించాలి. కాబట్టి దరఖాస్తుకి ఇద్దరి జీతాల పోలిక పట్టిక, ఫైనల్ సీనియారిటీ లిస్టులో ఇద్దరి నంబర్లున్న పేజీ, ఇద్దరి ఎస్ఆర్ ఎంట్రీల నకళ్ళు జతచెయ్యండి. జూనియర్ ఎస్ఆర్ నకలు ఆయన ఆఫీసు నుంచి అధికారికంగా రప్పించాలి. ఫోన్‌లో తీసిన ఫొటో పెడితే ఆడిట్‌లో కొట్టేస్తారు.

నల్లమల_63
అయితే ప్రమోషన్ వద్దనుకుని 12 ఏళ్ళు నిండేదాకా ఆగితే లాభమే కదా?

జీతాల_లెక్క
ఆగండి, అక్కడే పెద్ద గొయ్యి ఉంది. ఖాళీ లేక ప్రమోషన్ రానివాళ్ళకే ఆ స్కీమ్. ప్రమోషన్ ఇస్తామంటే వద్దని రాసిచ్చినవాళ్ళకి తర్వాతి స్కేలు రాదు.

డీపీసీ_టేబుల్
వదులుకోవడంలోనూ రెండు రకాలున్నాయి. ప్రమోషన్ ఉత్తర్వు అందాక 15 రోజుల్లో చేరకపోతే, లేదా తప్పించుకోవడానికి సెలవు పెడితే, ఆ ప్యానెల్ సంవత్సరానికి అవకాశం పోతుంది. తర్వాతి ప్యానెల్‌లో పేరు మళ్ళీ పెడతారు. 28వ రూలు కింద శాశ్వతంగా వదులుకుంటున్నానని రాసిస్తే మాత్రం ఆ పోస్టు తలుపు మూసుకున్నట్టే. పిల్ల పదో తరగతి, ఈ ఏడాది ఊరు మారలేను అనుకునేవాళ్ళు ‘శాశ్వతంగా’ అన్న మాట ఉన్న ప్రొఫార్మా మీద చూసుకోకుండా సంతకం పెట్టకండి.

ఏ రకమైనా ఒకటి మాత్రం తప్పదు. ఈలోగా పైకి వెళ్ళిన జూనియర్లు పై కేటగిరీలో మీకంటే సీనియర్లు. రేపు మీరు వెళ్ళినా వాళ్ళ వెనకే.

ఓరుగల్లు_అన్న
మా దిక్కు 317 జీవో (కొత్త జిల్లాలకు ఉద్యోగుల్ని పంచిన ఉత్తర్వు) సంగతి కూడా గీ లెక్కలోనే వస్తది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు, 2021ల దాని సవరణతోటి తెలంగాణల 33 జిల్లాలు, 7 జోన్లు, 2 మల్టీజోన్లు లోకల్ కేడర్లైనయి. 2021 డిసెంబర్ల ఉద్యోగుల్ని పంచేటప్పుడు ఆప్షన్లు తీస్కొని సీనియారిటీ వరసల ఇచ్చిన్రు. సీనియర్లు పట్నం, పాత జిల్లా కేంద్రం పట్టుకున్నరు, జూనియర్లు మిగిలిన జిల్లాలకు పోవాల్సొచ్చింది. అప్పటిదాంక లిస్టుల తన నంబరెంతో చూడనోళ్ళకు కూడా అది ఇల్లు ఏ ఊర్ల ఉండాల్నో తేల్చేదైంది. దివ్యాంగులు, వితంతువులు, భార్యాభర్తల కేసులకు మాత్రం విడిగ చూసిన్రు.

పంపకం ప్రభుత్వం చేసింది, నువ్వు అడిగి పోలే. అందుకే పాత సర్వీసు లెక్క కొత్త జిల్లాకు వెంట వచ్చింది. దాంతోటి కొత్త జిల్లాల అప్పటికే ఉన్నోళ్ళ నంబర్లు కిందికి జరిగినయి, కొట్లాటలన్నీ ఆడికెల్లే మొదలైనయి. ఆ తర్వాత సొంతంగ దరఖాస్తు పెట్టుకొని వాపస్ వచ్చేటోళ్ళు తమ ఉత్తర్వుల సీనియారిటీ షరతు ఏముందో అక్షరం అక్షరం సదువాలె.

రోస్టర్_రిజిస్టర్
రోస్టర్ (రిజర్వేషన్ల ప్రకారం పోస్టులు కేటాయించే వరస పట్టిక) పాయింటే సీనియారిటీ నంబరు అనుకునే పొరపాటు ఇంకా చాలా ఆఫీసుల్లో ఉంది. రోస్టర్ పని ఏ పాయింటు ఎవరికి కేటాయించాలో చెప్పడం వరకే. నేరుగా నియామకాల్లో ఒకే సెలక్షన్‌లో వచ్చినవాళ్ళ మధ్య సీనియారిటీ మెరిట్ వరసలో ఉండాలి, రోస్టర్ పాయింట్ వరసలో కాదని బిమలేశ్ తన్వర్ కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు నిండాక రోస్టర్‌ని మళ్ళీ మొదటి నుంచి తిప్పకూడదని, ఏ వర్గం పోస్టు ఖాళీ అయితే ఆ వర్గంతోనే నింపాలని సభర్వాల్ కేసు, 1995.

ప్రమోషన్లలో రిజర్వేషన్ వేరే అంశం. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగి రోస్టర్ వల్ల ముందు పైకి వెళ్తే, వెనక వచ్చిన జనరల్ సీనియర్ మళ్ళీ పైకి లేస్తాడా? లేస్తాడని 1990ల్లో కోర్టులు అన్నాయి. 2001లో 85వ రాజ్యాంగ సవరణ వచ్చి, 1995 జూన్ 17 నుంచి వర్తించేలా, ప్రమోషన్‌తో పాటు దాని సీనియారిటీ కూడా ఇవ్వడానికి రాష్ట్రాలకి వీలు కల్పించింది. 2006లో నాగరాజ్ కేసులో సవరణ నిలబడింది. అయితే ప్రాతినిధ్యం చాల్లేదని లెక్కలతో చూపించాలనే షరతు పెట్టారు. కాబట్టి ఇది చర్చల్లో గొంతు చించుకుంటే తేలేది కాదు. ఆ కేడర్‌లో డేటా ఉందా, ఉత్తర్వు ఉందా అని చూడాలి.

గోదారి_గుమాస్తా
ఇన్‌ఛార్జిగా, ఎఫ్ఏసీగా (పూర్తి అదనపు బాధ్యతల మీద) రెండు మూడేళ్ళు సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఆ కాలం కలుస్తుందా?

సరితా_ఎల్ఎల్బీ
కలవదు. అదనపు బాధ్యతలంటే బాధ్యతలే, నియామకం కాదు. తాత్కాలిక ప్రమోషన్ ఉత్తర్వులోనూ ‘దీనివల్ల సీనియారిటీ కోరుటకు హక్కు లేదు’ అనే వాక్యం ఉంటుంది. రూల్స్‌తో సంబంధం లేని తాత్కాలిక ఏర్పాటు సీనియారిటీకి లెక్కించకూడదని 1990లో మహారాష్ట్ర డైరెక్ట్ రిక్రూట్ ఇంజనీర్ల కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదే తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది. మొదటి నియామకంలో పద్ధతి పూర్తిగా పాటించకపోయినా, రెగ్యులరైజ్ అయ్యేదాకా ఎడతెగకుండా ఆ పోస్టులోనే కొనసాగితే ఆ కాలం కలుస్తుంది. ఎవరికి వాళ్ళు తమకి అనుకూలమైన ముక్కనే ఉదహరిస్తుంటారు. నిజంగా తేల్చేది ఉత్తర్వులోని మాటలు.

షాప్‌ఫ్లోర్
ప్రభుత్వం బయట ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు. ఫ్యాక్టరీల్లో సీనియారిటీ అక్కరకొచ్చేది ఉద్యోగాలు తీసేసే రోజున. చివర వచ్చినవాళ్ళని ముందు పంపాలనేది పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-జి సెక్షన్‌గా ఉండేది, ఆ కేటగిరీలో, ఆ సంస్థలో. దాటించి తీస్తే కారణం రాతలో పెట్టాల్సి ఉండేది. తీసేసే కేటగిరీ సీనియారిటీ లిస్టుని కనీసం 7 రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టాలని ఆ చట్టపు కేంద్ర నియమాల్లో 77వ రూలు ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ చివర వచ్చినవారు ముందు అనే సూత్రం కొనసాగుతోంది. ఇది కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవాళ్ళకే. ఐటీ కంపెనీలో పేరు ముందు ‘సీనియర్’ అని ఉన్నంత మాత్రాన ఇవేవీ వర్తించవు, అక్కడ ఆ మాట జీతం బ్యాండ్‌కి పెట్టిన పేరు.

గోదారి_గుమాస్తా
చివరగా ఎ గారి తరఫున అడుగుతున్నాను. ప్రొవిజనల్ లిస్టులో బి కింద పేరు పడింది. అభ్యంతరం ఎలా రాయాలి?

ఫైలు_కదిలింది
ముందుగా మెమోలో గడువు చూడండి. వారం కావచ్చు, పదిహేను రోజులు కావచ్చు. గడువు మొదలయ్యేది మెమో తేదీ నుంచా, అందిన తేదీ నుంచా అన్నది కూడా అందులోనే ఉంటుంది. లిస్టు ఆఫీసుకొచ్చి సర్క్యులేట్ కాకుండా ఉండిపోవడం మామూలే. కాబట్టి సంతకం పెట్టేటప్పుడు కింద తేదీ వెయ్యండి.

రాయడం ఒక పేజీ దాటక్కర్లేదు. ‘ప్రొవిజనల్ లిస్టులో నా క్రమసంఖ్య ఇంత, నాకు పైన ఉండకూడని వ్యక్తి క్రమసంఖ్య ఇంత, సెలక్షన్ లిస్టులో మా ర్యాంకులు 41, 58, ఇద్దరమూ గడువులోపే చేరాము, 33వ రూలు ప్రకారం నా పేరు ఆమె పైన ఉండాలి, అలా సవరించగలరు.’ అంతే. ఎవరి మీదా ఆరోపణలు వద్దు, అన్యాయం జరిగిందని రెండు పేరాలు వద్దు. నియామక ఉత్తర్వు, సెలక్షన్ లిస్టు పేజీ, చేరిక రిపోర్టు, ఎస్ఆర్ మొదటి పేజీల నకళ్ళు జతచెయ్యండి. సరైన మార్గంలో, అంటే మీ ఆఫీసు అధిపతి ద్వారా పంపి, అడ్వాన్స్ కాపీ నేరుగా నియామక అధికారికి ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. మీ అధికారి దగ్గరే కాగితం ఆగిపోయినా ఆ ముద్ర మిమ్మల్ని కాపాడుతుంది.

తిరస్కరిస్తే కారణాలతో స్పీకింగ్ ఆర్డర్ ఇవ్వమని అడగండి. ‘పరిశీలించి తిరస్కరించడమైనది’ అని ఒక్క లైను వస్తే అది కోర్టులో నిలవడం కష్టం. ఒప్పుకుంటే ఫైనల్ లిస్టులో మారిందో లేదో మళ్ళీ చూసుకోండి. ఒప్పుకున్న మెమో ఉండి, లిస్టులో పాత నంబరే అచ్చయిన సందర్భాలూ ఉంటాయి.

ఇంకొకటి, బి కూడా ఊరుకోదు. ఆమెకి నోటీసు ఇచ్చి, ఆమె మాట విన్నాకే నంబరు మార్చాలి. అలా చెయ్యకుండా మార్చిన నంబరు ఆమె పిటిషన్ వేసిన రోజున మళ్ళీ పాత చోటికి వచ్చేస్తుంది.

సరితా_ఎల్ఎల్బీ
కోర్టు దాకా వెళ్తే రెండు విషయాలు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ లేదు, రిట్ వేసుకుని హైకోర్టుకే వెళ్ళాలి. మీ నంబరు మారితే ఎవరి నంబర్లు కిందికి జరుగుతాయో వాళ్ళని ప్రతివాదులుగా చేర్చాలి. ఎక్కువమంది ఉంటే ప్రాతినిధ్య హోదాలో కొందర్ని చేరుస్తారు. ప్రభుత్వాన్ని మాత్రమే చేర్చి వేసిన సీనియారిటీ కేసులు అసలు విషయం దాకా వెళ్ళకుండానే పోతుంటాయి.

రెండోది కాలం. ప్రమోషన్‌లో దాటేశారనుకుంటే ఆరు నెలలు, మహా అయితే ఏడాదిలో రావాలని సదాశివస్వామి కేసులో 1974లోనే సుప్రీంకోర్టు అంది. సీనియారిటీ లిస్టు మీదైతే మూడు నాలుగేళ్ళు దాటాక కదపకూడదని 2010లో శిబ శంకర్ మహాపాత్ర కేసు. మధ్యలో ఎన్ని రిమైండర్లు పంపినా గడియారం ఆగదు.

గుంతకల్లు_జంక్షన్
రైల్వేలో 321వ పేరా ప్రకారం లిస్టు ప్రచురించిన ఏడాది లోపల రిప్రజెంటేషన్ ఇవ్వాలి, దాటితే తీసుకోరు. లిస్టు చూపించమని అడిగే హక్కు కూడా ఆ పేరాలోనే ఉంది.

గోదారి_గుమాస్తా
చాలా థాంక్స్ అందరికీ. సెలక్షన్ లిస్టు పేజీ ఆఫీసులో దొరకడం లేదంటున్నారు, దానికేం చెయ్యాలి?

ఫైలు_కదిలింది
సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో ఎంపిక చేసిన సంస్థకీ, నియామక అధికారి కార్యాలయానికీ విడివిడిగా దరఖాస్తు పెట్టించండి. ‘నా ర్యాంకు తెలపండి’ అని అడగొద్దు. ఫలానా నోటిఫికేషన్, ఫలానా జిల్లా, జూనియర్ అసిస్టెంట్ సెలక్షన్ లిస్టు ధ్రువీకరించిన నకలు అని అడగాలి. జవాబుకి 30 రోజుల దాకా పడుతుంది, అభ్యంతరాల గడువు అంతకాలం ఉండదు. కాబట్టి అభ్యంతరం ఈలోగా ఇచ్చేసి, ‘సెలక్షన్ లిస్టు నకలు కోసం దరఖాస్తు చేశాను, అందగానే సమర్పిస్తాను’ అని ఒక వాక్యం చేర్చి, ఆ దరఖాస్తు రసీదు జతచెయ్యమనండి.